ఎగువ నుంచి కబురు

గోదారి నేల మీద ఏం జరుగుతోందో 747 కిలోమీటర్ల పైనుంచి చూసి చెప్పే కన్ను ఒకటి వచ్చింది. దాన్ని ఏ ఒక్క దేశమూ ఒంటరిగా చేసుకోలేదు.

2025 ఆగస్టు 19. శ్రావణ మాసం ముగింపుకొస్తున్న రోజులు. గోదావరి డెల్టాలో సార్వా చేలు పచ్చబడే కాలం. ఆ రోజు డెల్టా మీదుగా వెళ్తున్న ఒక కొత్త ఉపగ్రహం తన ఎస్-బ్యాండ్ రాడార్‌తో కిందనున్న నేలను చిత్రించింది. ఆ రాడార్ తీసిన మొట్టమొదటి చిత్రం అదే. నవంబరు 28న ఇస్రో దాన్ని విడుదల చేసింది. మడ అడవులు, పంట చేలు, తోటలు, రొయ్యల చెరువులు దేనికది విడివిడిగా తెలిసిపోతున్నాయి.

ఆ చిత్రం ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. రాడార్ చిత్రాన్ని చదవడానికి ఒక చిన్న కిటుకు తెలియాలి. కదలని నీరు అందులో నల్లగా కనిపిస్తుంది. పైనుంచి ఏటవాలుగా వచ్చిన తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, వెనక్కి రాదు. గట్టు, చెట్టు, ఇల్లు మాత్రం తగిలిన తరంగాన్ని వెనక్కి కొడతాయి కాబట్టి మెరుస్తాయి. అది తెలిశాక ఒక్కో నల్లటి పలకా ఒక్కో చెరువు, దాని చుట్టూ సన్నటి వెలుగు గీత దాని గట్టు. ఒకప్పుడు వరి పండిన నేల ఎంత చెరువైపోయిందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఆ ఉపగ్రహం పేరు నైసార్. నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. 2025 జులై 30 సాయంత్రం 5.40కి శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 దాన్ని మోసుకుపోయింది. దాని ముచ్చట చెప్పే ముందు, డెల్టా మనుషుల అలవాటొకటి చెప్పాలి.

గోదారి ఎర్రబడిందంటే డెల్టాలో అందరి చెవీ భద్రాచలం వైపే ఉంటుంది. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. లంక గ్రామాల పెద్దలకు ఈ అంకెలు మనవల పుట్టినరోజులంత గుర్తు. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరేలోపు దొరికే వ్యవధిలోనే గొడ్డూ గోదా, గింజా గిట్రా ఏటిగట్టు ఎక్కాలి. భద్రాచలానికి కబురు మళ్లీ ఇంకా పైనుంచి రావాలి. ప్రాణహిత మహారాష్ట్ర నీళ్లు తెస్తుంది, ఇంద్రావతి ఛత్తీస్‌గఢ్ నీళ్లు తెస్తుంది. ఎగువవాళ్లు కొలిచి చెప్పకపోతే, దిగువవాళ్లకు తెలిసేసరికి నీళ్లు నట్టింట్లో ఉంటాయి.

నేల సంగతి, వాతావరణం సంగతి కూడా ఇంతే. మన దేశం మీద కురిసే వానకు మూలం ఎక్కడో హిందూ మహాసముద్రంలో ఉంటుంది. ఉప్పాడ తీరాన్ని కోస్తున్న సముద్రం పెరగడానికి గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో కరుగుతున్న మంచు కూడా ఒక కారణం. ఇవన్నీ మనకు ఎగువలే. ఆ ఎగువలు ఏ ఒక్కరి సరిహద్దులోనూ లేవు కాబట్టి కొలిచే పనిని పంచుకోక తప్పదు.

మబ్బుల వెనక నేల

మామూలు కెమెరా ఉపగ్రహానికి ఎండ కావాలి, ఆకాశం తేటగా ఉండాలి. మనకేమో నేలను చూడాల్సిన అవసరమంతా మబ్బులు కమ్మిన నెలల్లోనే ఉంటుంది. నాట్లు, ముంపు, తుపాను అన్నీ ఆ మబ్బుల కిందే జరుగుతాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి చేలల్లో నీళ్లు ఎంత మేర నిలిచాయో ఏ కెమెరా చెప్పలేదు. రాడార్ తన తరంగాన్ని తానే పంపుకుని, తిరిగొచ్చిన దాన్ని అందుకుంటుంది. దానికి పగలైనా రాత్రైనా, మబ్బైనా తేటైనా ఒకటే.

నైసార్‌లో రెండు రాడార్లున్నాయి. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇచ్చిన ఎల్-బ్యాండ్ తరంగం పొడవు 24 సెం.మీ. అది ఆకుల గుబురును దాటి కొమ్మల దాకా, మొదళ్ల దాకా, నేల తడి దాకా వెళ్లి వస్తుంది. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ చేసిన ఎస్-బ్యాండ్ తరంగం సుమారు 10 సెం.మీ. పైరు, గడ్డి లాంటి సన్నటి పచ్చదనాన్ని అది బాగా పట్టుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే ఉపగ్రహంలో కలిపి పంపడం ఇదే మొదలు. భూమి మీద దాదాపు ప్రతి చోటికీ 12 రోజులకోసారి అదే దారిలో తిరిగొచ్చి చూస్తుంది. ఒక్కో చూపు వెడల్పు 242 కి.మీ.

ఈ 'అదే దారిలో తిరిగి రావడం'లోనే అసలు పనితనమంతా ఉంది. ఇవాళ ఒక చోటికి తరంగం వెళ్లి వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత అదే చోటికి మళ్లీ వెళ్లి వచ్చింది. ఈలోగా అక్కడి నేల ఉపగ్రహం చూపు దిశలో ఒక్క సెంటీమీటరు కుంగిందనుకుందాం. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మొత్తం 2 సెం.మీ. దూరం పెరుగుతుంది. 24 సెం.మీ. అలలో 2 సెం.మీ. అంటే పన్నెండో వంతు. గడియారంలో గంటల ముల్లు ఒక అంకె జరిగినంత తేడా. అలలో వచ్చిన ఆ జరుగుబాటును చదివి, ఏడు వందల చిల్లర కిలోమీటర్ల పైనుంచి, నేల వేలెడు కూడా కాదు, గోరంత కుంగినా చెప్పగలరు.

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ ఇళ్లు బీటలు వారుతుంటే, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఒక లెక్క చెప్పింది. పన్నెండు రోజుల్లో 5.4 సెం.మీ. కుంగుబాటు. తర్వాత ఆ నివేదికను వెబ్‌సైట్ నుంచి తీసేశారు. జనం కంగారు పడతారన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ భద్రాచలం నీటిమట్టాన్ని ఎవరైనా ఒక్క రాత్రి దాచిపెడితే లంకల్లో ఏమవుతుందో తెలిసినవాడిగా ఆ పని సరైనదని అనలేను.

రెండు దేశాల మధ్య ఒక గొడుగు

నైసార్ కథ అమెరికాలో ఒక నిరాశతో మొదలైంది. 2007లో అక్కడి శాస్త్రవేత్తలు రాబోయే పదేళ్లకు అవసరమైన భూపరిశీలన ఉపగ్రహాల జాబితా రాశారు. నేల కదలికలు, మంచు, అడవుల బరువు కొలిచే ఎల్-బ్యాండ్ రాడార్ అందులో ఒకటి. 2011 నాటికి దానికి డబ్బు లేదన్నారు. ఆ మూలన పడ్డ కాగితానికి ఇస్రో భాగస్వామ్యంతో మళ్లీ ప్రాణం వచ్చింది. రెండో రాడార్, ఉపగ్రహం కట్టుబడి, రాకెట్ భారత్‌వి. మొదటి రాడార్, పెద్ద యాంటెనా అమెరికావి. 2014 సెప్టెంబరు 30న టొరంటోలో నాసా అధిపతి చార్లెస్ బోల్డెన్, ఇస్రో అధ్యక్షుడు కె.రాధాకృష్ణన్ ఒప్పందం మీద సంతకాలు చేశారు.

ఈ సంతకాల వెనక ఉన్న చరిత్రను మరిచిపోకూడదు. 1992 మేలో అమెరికా ఇస్రో మీద రెండేళ్ల ఆంక్షలు విధించింది. రష్యా నుంచి మనం క్రయోజెనిక్ ఇంజిన్ పరిజ్ఞానం కొనుక్కోబోతున్నామన్నదే కారణం. ఆ పరిజ్ఞానం మనకు రాలేదు. సొంతంగా నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2014 జనవరి 5న స్వదేశీ క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ తొలిసారి విజయవంతంగా ఎగిరింది. అదే ఏడాది సెప్టెంబరులో టొరంటో సంతకాలు. పదకొండేళ్లు గడిచాక, ఆ క్రయోజెనిక్ దశ ఉన్న రాకెట్టే అమెరికా రాడార్‌ను మన తిరుపతి జిల్లా తీరం నుంచి కక్ష్యలోకి చేర్చింది. శ్రీహరికోటలో ఆ సాయంత్రం కళ్లు చెమర్చినవాళ్లలో, ఇంజిన్ ఇవ్వమని మొహమ్మీద తలుపేసిన రోజులు చూసినవాళ్లు కూడా ఉండే ఉంటారు. శాస్త్రంలో స్నేహం అడిగితే దొరకదు, ఇవ్వడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉన్నప్పుడే దొరుకుతుంది. నేను దీన్ని గర్వంగానే రాస్తున్నాను.

ఆ పెద్ద యాంటెనా ముచ్చట వేరే చెప్పాలి. అది 12 మీటర్ల వ్యాసం ఉన్న గొడుగు. బంగారు పూత వేసిన సన్నటి తీగల వల, 123 మిశ్రమ పదార్థపు కడ్డీల చట్రం, అంతా కలిపి 64 కిలోలే. అందులో నైలాన్ చీరంత మెత్తదనం, వంతెనంత బిగువు రెండూ ఉండాలి. 2024లో బెంగళూరులో ఉపగ్రహం దాదాపు సిద్ధమయ్యాక ఒక చిక్కు బయటపడింది. ముడిచి ఉన్న స్థితిలో ఎండ తగిలితే యాంటెనా భాగాలు తట్టుకోలేనంత వేడెక్కవచ్చని లెక్క తేలింది. విప్పి కాలిఫోర్నియా పంపారు. వేడిని వెనక్కి కొట్టే పూతలు వేసి, అక్టోబరులో మళ్లీ బెంగళూరు తెచ్చారు. ప్రయోగం ఏడాదికి పైగా వెనక్కి పోయింది. 'ఆలస్యం' అని వార్తల్లో ఒక్క ముక్కలో పోయిన ఆ నెలల్లో, పన్నెండున్నర గంటల తేడా ఉన్న రెండు ఊళ్ల ఇంజినీర్లు ఒకరి నిద్రవేళకు ఒకరు మేలుకుని పని చేశారు. ఉపగ్రహం పైకి వెళ్లాక తొమ్మిది మీటర్ల చేయి నెమ్మదిగా చాచి, దాని చివర ఆ గొడుగును ఆగస్టు 15న విప్పింది. ఏ తేదీన విప్పుకుందో చూసి మురిసిపోవడానికి మనకు హక్కుంది.

అంత గొడుగు కూడా నిజానికి చిన్నదే. ఆ ఎత్తు నుంచి పొలం గట్టు కనిపించాలంటే మామూలు లెక్కన 19 కి.మీ. పొడవు యాంటెనా కావాలి. ఉపగ్రహం ముందుకు కదులుతూ పంపిన వేల తరంగాల జవాబులన్నీ కలిపి, గణితంతో అంత పొడవు యాంటెనాను సృష్టించుకుంటుంది.

కొబ్బరి చెట్టు నుంచి పంజాబ్ బోరు దాకా

ఇచ్చి పుచ్చుకోవడం మనకు నైసార్‌తో మొదలు కాలేదు. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు తొలి పాఠం కేరళ కొబ్బరి తోటల్లో జరిగింది. పిషారోత్ రామ పిషారోటి బృందం నాసా సహకారంతో, హెలికాప్టర్‌లోంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము మీద తోటలను చిత్రించి, కంటికి కనపడకముందే వేరు తెగులును పసిగట్టింది. 1979లో షాద్‌నగర్ దగ్గర పెట్టిన డిష్ అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలను నేరుగా అందుకోవడం మొదలుపెట్టింది. అదే ఏడాది మన భాస్కర-1 సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. 1988లో ఐఆర్‌ఎస్-1ఏ కూడా సోవియట్ రాకెట్ మీదే. ఇప్పుడు నైసార్ సమాచారం దిగే మన కేంద్రాల్లో ఆ షాద్‌నగరే ముఖ్యం. అంటార్కిటికాలోని భారతి స్థావరం, అలాస్కా, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్, చిలీలోని పుంటా అరెనాస్ కూడా ఆ పనిలో ఉన్నాయి. ఒకే ఉపగ్రహం మాటలు ఇన్ని నేలల మీద దిగుతున్నాయి.

మనం పుచ్చుకోవడమే కాదు, ఇచ్చాం కూడా. 2009 నవంబరులో సముద్రపు గాలులను కొలిచే నాసా క్విక్‌స్కాట్ యాంటెనా తిరగడం ఆగిపోయింది. అంతకు రెండు నెలల ముందే మన ఓషన్‌శాట్-2 అలాంటి పరికరంతోనే కక్ష్యలోకి చేరింది. 2012లో న్యూయార్క్ మీదికి వచ్చిన శాండీ తుపాను గాలుల తీరు అంచనా వేయడానికి అమెరికా వాళ్లు చూసిన సమాచారంలో మనదీ ఉంది. ఫ్రాన్స్‌తో కలిసి 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉష్ణమండలపు మేఘాల్లోని తేమను కొలిచింది. అందులో ఒక ముఖ్య పరికరం 2013లోనే పాడైంది. మిగతావి పని చేశాయి, ఏళ్ల తరబడి.

నన్ను అన్నిటికంటే కదిలించేది గ్రేస్ కథ. 2002లో అమెరికా, జర్మనీ కలిసి ఒకదాని వెనక ఒకటి వెళ్లే జంట ఉపగ్రహాలను రష్యా రాకెట్‌తో పంపాయి. రెండింటి మధ్య దూరం సుమారు 220 కి.మీ. కింద నేలలో బరువు ఎక్కువున్న చోట ముందున్నది కాస్త ముందుకు లాగబడుతుంది, ఆ తర్వాత వెనకది. ఆ దూరంలో వెంట్రుక మందం కన్నా తక్కువ తేడా వచ్చినా అవి పట్టుకుంటాయి. భూగర్భంలో నీరు తగ్గితే నేల బరువు తగ్గుతుంది. అలా తూచి, మాథ్యూ రాడెల్ బృందం 2009లో నేచర్ పత్రికలో ఒక అంకె ప్రచురించింది. రాజస్థాన్, పంజాబ్, హరియాణా ప్రాంతాల్లో 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా పోయిన భూగర్భజలం 109 ఘన కిలోమీటర్లు. మన లెక్కలో దాదాపు 3,850 టీఎంసీలు. నాగార్జునసాగర్ ఇప్పుడు నిండితే 312 టీఎంసీలు కాబట్టి, ఆరేళ్లలో పన్నెండు సాగర్ల నీళ్లను బోర్లు తోడేశాయన్నమాట. బోరు వేసిన రైతును తప్పుపట్టడం కాదు ఇది. ఉచిత కరెంటూ వరి మద్దతు ధరా కలిసి ఆయన్ను అక్కడికి తోసుకెళ్లాయి. కానీ మన కాళ్ల కింది నీటి సంగతి, మన బావుల లెక్కలకన్నా స్పష్టంగా, వేరే వాళ్ల ఉపగ్రహాలు చెప్పాయి. ఆ సమాచారం ఎవరికైనా ఉచితమే.

ఉచితం అన్న మాటకు విలువ ఎంతో ల్యాండ్‌శాట్‌ను చూస్తే తెలుస్తుంది. 1972 జులై నుంచి ఆ ఉపగ్రహాల వరస భూమిని చిత్రిస్తూనే ఉంది. ఒక దశలో ఒక్కో చిత్రం ధర 600 డాలర్లు. బాగా అమ్ముడైన ఏడాదిలో కూడా రోజుకు 53 చిత్రాలే పోయాయి. 2008లో అందరికీ ఉచితం అన్నాక అది రోజుకు వేలల్లోకి వెళ్లింది. డబ్బా తాళం తీయగానే, అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్నలు అడిగేవాళ్లు పుట్టుకొచ్చారు. ఐరోపా సెంటినెల్ ఉపగ్రహాలూ ఆ దారినే నడిచాయి. నైసార్ సమాచారం కూడా ఉచితమే. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో, విపత్తు వేళ గంటల్లో.

కుంగే నేల, పెరిగే నీరు

మళ్లీ మన డెల్టాకు వద్దాం. డెల్టా అంటే నది మోసుకొచ్చిన ఒండ్రు. అది తన బరువుకు తానే మెల్లగా అణిగిపోతూ ఉంటుంది. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ లోటు పూడుస్తుంది. పైన కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతే పూడ్చేది ఉండదు. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, వాటిలో 24 కుంగుతున్నాయని చెప్పింది. ఆ జాబితాలో కృష్ణా ఉంది, గోదావరీ ఉంది. కృష్ణాది మరింత ప్రమాదకరమైన స్థితి అన్నారు.

కోనసీమలో నేల కుంగుతోందన్న మాట చాలా ఏళ్లుగా ఉంది. గ్యాస్ తవ్వకాల వల్లేనని ఊళ్లలో అంటారు, కాదని తవ్వేవాళ్లు అంటారు. ఒండ్రు తగ్గడం, బోర్లు, చెరువులు, సముద్రం, ఇలా కారణాలు చాలా ఉండొచ్చు. సార్వాకు మురుగు కాలవల్లోంచి నీళ్లు పోక చేలు ఊరబెట్టినట్టవుతుంటే, సముద్రం పక్క ఊళ్లలో చౌడు పైకి తేలుతుంటే, కారణం ఏదో తేలకుండా రైతు ఎవరిని అడగాలి? పన్నెండు రోజులకోసారి ఒకే కొలబద్దతో కొలిచిన వరస మూడేళ్లు, ఐదేళ్లు చేతిలో ఉంటే, వాదన పోయి లెక్క వస్తుంది. ఎక్కడ ఎంత కుంగింది, గ్యాస్ బావుల దగ్గరా, చెరువుల దగ్గరా, ఏవీ లేని చోటా. పొలాల్లో పైరు పెరుగుతూ మారుతుంటుంది కాబట్టి అక్కడ ఈ కొలత కష్టమే. పొడవాటి ఎల్-బ్యాండ్ తరంగం ఆ కష్టాన్ని చాలావరకు తగ్గిస్తుంది. ఈ పని మన విశ్వవిద్యాలయాల్లో, మన పిల్లల చేతుల మీదుగా జరగాలని నా కోరిక. సమాచారం షాద్‌నగర్‌లోనే దిగుతోంది, డబ్బు కట్టక్కర్లేదు. రాడార్ భాష చదవడం నేర్పే గురువులు, కొన్ని కంప్యూటర్లు చాలు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. రాడార్ రోజుల్లో చూపించగల ముంపును, మనం ఇంకా వారాల తరబడి పంట నష్టం ఎన్యూమరేషన్‌తో తేలుస్తున్నాం. కౌలు రైతు పేరు చాలాసార్లు ఆ జాబితాకు ఎక్కనే ఎక్కదు. ఉపగ్రహానికి కౌలు రైతెవరో తెలియదు, నిజమే. కానీ ఫలానా చేను ఫలానా తేదీన నీళ్లలో ఉందన్న సాక్ష్యం అది ఇవ్వగలదు. ఆ సాక్ష్యాన్ని తెలుగులో, సర్వే నంబరుతో సహా, ఊరి రైతు కేంద్రం గోడ మీద అంటించే రోజు రావాలి. 747 కి.మీ. నుంచి షాద్‌నగర్ దాకా క్షణాల్లో వచ్చిన కబురు, షాద్‌నగర్ నుంచి సఖినేటిపల్లి దాకా రాలేకపోతే ఎలా?

ఎగువన ఉన్న ఏర్పాటుకూ కష్టాలున్నాయి. 2025లో అమెరికా ప్రభుత్వం నాసా సైన్సు ఖర్చును దాదాపు సగానికి కోయాలని ప్రతిపాదించింది. అందులో భూపరిశీలన మీద దెబ్బ మరీ ఎక్కువ. ప్రతిపాదన వేరు, అమలు వేరు. అయినా సరే, వాతావరణం కొలిచే పనికి తెగని వరసే ప్రాణం. ముప్పై ఏళ్ల లెక్కలో మూడేళ్లు గండిపడితే, తర్వాత ఎంత మంచి పరికరం పంపినా ఆ మూడేళ్లు తిరిగి రావు. ఏ దేశానికి ఎప్పుడు ఏ బుద్ధి పుడుతుందో తెలియదు కాబట్టి, కొలిచే కళ్లు అనేక దేశాల్లో ఉండాలి, ఒకరిది మూసుకుంటే ఇంకొకరిది తెరిచి ఉండాలి. క్విక్‌స్కాట్ ఆగినప్పుడు ఓషన్‌శాట్-2 ఉన్నట్టు.

నైసార్ ఎడమ పక్కకే చూస్తుంది. అలా చూస్తే అంటార్కిటికా మంచు దాదాపు పూర్తిగా కనిపిస్తుంది, ఉత్తర ధ్రువం చుట్టూ కొంత భాగం తప్పిపోతుంది. మంచు కరుగుదల లెక్కలో దక్షిణపు మంచు ఎంత బరువైనదో తెలిసి, కావాలనే అలా నిర్ణయించుకున్నారు. ఆ మంచు మీద చూపు ఆన్చిన రాడారే, తిరుగుతూ తిరుగుతూ అంతర్వేది పైకీ వస్తుంది, ఎదుర్లంక పైకీ వస్తుంది. సార్వా కోతల మీదుగా, దాళ్వా ఆకుమళ్ల మీదుగా, మళ్లీ వైశాఖపు ఎండలో నెర్రెలిచ్చిన చేల మీదుగా. పన్నెండు రోజులకోసారి, తెల్లవారే వేళా సందెవేళా.